మొదటి ట్రాలీ తెచ్చుకోబోతున్న అల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సాలూరులో పాత ట్రాలీ ఒకటి చూశావని, ఈ వారంలోనే వెళ్లి తెచ్చుకుంటావని అక్క ఫోన్లో చెప్పింది. మంచి పని. ట్రాక్టర్ ఉండి ట్రాలీ లేకపోతే పంట కళ్లం దాటదు. కుందులి సంతకు అల్లం తోలాలన్నా, మిల్లుకు ధాన్యం వెయ్యాలన్నా ప్రతిసారీ ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. అయితే నువ్వు ఇంతవరకు తోలింది కల్టివేటరు, రోటావేటరు. లిఫ్టు మీద ఎత్తితే అవి ట్రాక్టర్‌తో పాటే తిరుగుతాయి. ట్రాలీకి దాని చక్రాలు దానికున్నాయి, దాని బరువు దానికుంది. ట్రాక్టర్ ఆగినా అది ఆగనంటుంది. పైగా మొదటిసారే సిమిలిగుడలో మీ ఇంటి దాకా, సుంకి ఘాటీ కొండదారి మీదుగా తేవాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. బయల్దేరే ముందు రోజు ఇంకోసారి చదువుకో.

ముందు కొనే సంగతి. రంగు చూసి ముచ్చటపడకు. పాత ట్రాలీకి కొత్త రంగు వెయ్యడం ఒక్కపూట పని. సాలూరు లారీల ఊరు, వెల్డింగు చేసేవాళ్లకూ రంగులేసేవాళ్లకూ అక్కడ కొదవ లేదు. నువ్వు కిందికి దూరి అడుగు చూడాలి. ట్రాక్టర్‌కు తగిలించే ముందు కమ్మీ, అదే డ్రాబారు, వెళ్లి చాసిస్‌లో, అంటే అడుగు చట్రంలో కలిసే చోట చెయ్యి పెట్టి తడుము. వెల్డింగు మీద వెల్డింగు పడి ఉంటే అక్కడ ఒకసారి విరిగిందని అర్థం. రంగు మీద సన్నగా గీత గీసినట్టు తుప్పు కనిపిస్తే లోపల పగులుంది. అలాంటిది ఎంత చవగ్గా ఇస్తానన్నా దండం పెట్టి వచ్చెయ్యి. అడుగు రేకుకు కన్నాలు పడితే మార్పించుకోవచ్చు, తలుపులు సొట్టలు పోతే కొట్టించుకోవచ్చు. వాటికి బేరం ఆడితే చాలు.

తరవాత జాకీ పెట్టి ఒక్కో చక్రాన్నీ నేల నుంచి లేపించు. పై అంచు ఒక చేత్తో, కింది అంచు ఒక చేత్తో పట్టుకుని ఊపు. లొడలొడలాడితే బేరింగు పోయిందో, నట్టు వదులైందో చూడాలి. చేత్తో తిప్పి చెవి పెట్టు. గరగరమంటే గ్రీసు ఎండిపోయింది. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని. గాట్లు బాగా కనిపిస్తున్నా పక్కగోడలు బీటలు తీసిన టైరు ఘాటీకి పనికిరాదు. రెండు టైర్లూ ఒకే సైజు ఉండాలి, స్టెప్నీ తప్పకుండా అడుగు. ఒక మాట, నాలుగు చక్రాల ట్రాలీ చూపించి అదనంగా బరువు వేసుకోవచ్చని ఊరిస్తారు. మొదటిది మాత్రం రెండు చక్రాలదే తీసుకో. నాలుగు చక్రాలదాన్ని రివర్స్ చెయ్యడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం.

కాగితాలు చిన్న విషయమని వదిలెయ్యకు. ట్రాలీకి సొంత నంబరు, సొంత ఆర్‌సీ ఉంటాయి. చాసిస్ మీద గుద్దిన నంబరు, ఆర్‌సీలో నంబరు ఒకటేనా అని మట్టి తుడిచి నీ కళ్లతో చూసుకో. అది ఆంధ్రా బండి, మనం ఉండేది ఒడిశాలో. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలతో పాటు ఫారం 28 మీద అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం కావాలి. ఆ బండి మీద ఫైనాన్స్ ఉండి తీరిపోయి ఉంటే ఫారం 35 కూడా. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి ఇక్కడ తిప్పకూడదు. ఎన్‌ఓసీ చేతికొచ్చేదాకా కొంత డబ్బు ఆపుకో, అందులో మొహమాటం వద్దు. ఇన్సూరెన్స్‌లో ట్రాలీ నంబరు విడిగా రాయించు. ట్రాక్టర్ పాలసీ ఉంది కదా అనుకుంటే సరిపోదు.

ఇక తగిలించడం. అల్లుడూ, ఇక్కడ కాస్త నిదానంగా చదువు. డ్రాబారు చివర కన్ను ఉంటుంది చూడు, పిన్ను దిగే కన్నం. కొత్తగా ఉన్నప్పుడు అది గుండ్రంగా ఉంటుంది. ఏళ్ల తరబడి లాగి లాగి కోడిగుడ్డులా సాగిపోతుంది. పిన్ను దింపి వేళ్లతో ముందుకీ వెనక్కీ ఆడించు. కొంచెం సందు ఉండాలి, కానీ చిటికెన వేలు దూరేంత సందుంటే కన్ను లోపల బుష్, అంటే ఇనుప గొట్టం తొడుగు వేయించకుండా ఘాటీ ఎక్కకు. పిన్ను ఆ కన్నానికి సరిపడిన అసలు పిన్నే కావాలి. కింద దాని లాకు పిన్ను కూడా ఉండాలి. దొరికిన బోల్టు, రాడ్డు ముక్క పెట్టి తోలేవాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు. ఒకసారి సుంకి దగ్గర మలుపులో నా ముందు పోతున్న ట్రాక్టర్ నుంచి ట్రాలీ ఊడి వెనక్కి జారింది. కొండవైపు కాలువలో పడి ఆగబట్టి సరిపోయింది, లేకపోతే వెనక బైకు మీద వస్తున్న నా మీదికే వచ్చేది. ఖాళీ ట్రాలీ కావడంతో డ్రైవరుకు ఊడిన సంగతి కూడా తెలియలేదు, పైమలుపు దాకా వెళ్లిపోయాడు. పిన్ను చోట రాడ్డు ముక్క పెట్టాడు, లాకు లేదు. గుంతలో పడ్డప్పుడు ఖాళీ ట్రాలీ ఎగిరిపడుతుంది, రాడ్డు పైకి లేచి వచ్చేస్తుంది. నువ్వు తెచ్చేది కూడా ఖాళీదే కాబట్టి ఇంతగా చెబుతున్నాను. పిన్ను పోయినా పట్టి ఉంచేలా గొలుసులు కూడా వేసుకో. రెండు గొలుసులు డ్రాబారు కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా పోవాలి. అప్పుడు డ్రాబారు నేలను పొడుచుకోకుండా వాటి మీద ఆగుతుంది.

ట్రాలీని ఎప్పుడూ కిందనున్న హుక్కుకే తగిలించాలి. బురదలో దిగబడినప్పుడు ఎవరో ఒకరు పైన టాపు లింకు దగ్గర, అంటే కల్టివేటరును పైనుంచి పట్టి ఉంచే కమ్మీ దగ్గర గొలుసు కట్టి లాగమంటారు, వినకు. పైనుంచి లాగితే ముందు చక్రాలు గాలిలోకి లేచి ట్రాక్టర్ డ్రైవరు మీదికే వెనక్కి తిరగబడుతుంది. దూకడానికి కూడా టైము ఇవ్వదు.

తగిలించేటప్పుడు సాయం పట్టే కుర్రాడిని ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య నిలబెట్టొద్దు. నువ్వు పూర్తిగా ఆగి, గేరు తీసి, బ్రేకు వేశాకే అతను వచ్చి పిన్ను వెయ్యాలి. వెనక లైట్ల వైరు తగిలించి ఎరుపు లైటు, బ్రేకు లైటు, రెండు ఇండికేటర్లు ఒక్కొక్కటిగా వేసి చూడు.

రోడ్డెక్కేముందు ఒక్క పని మర్చిపోతే మిగతావన్నీ చేసినా లాభం లేదు. పొలంలో మలుపులు తిరగడానికి కుడి బ్రేకు, ఎడమ బ్రేకు విడివిడిగా వాడతావు కదా, ఆ రెండు పెడళ్లను కలిపే పట్టీ వేసెయ్యి. ఒక్కటే తొక్కితే రోడ్డు మీద ట్రాక్టర్ గిరుక్కున తిరుగుతుంది, వెనకున్న ట్రాలీ దాన్ని తోసి పడేస్తుంది. ఆపడం గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మన వైపు ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. ట్రాక్టర్‌కు కూడా బ్రేకులు వెనక చక్రాలకే. రెండు టన్నుల ట్రాక్టర్, లోడుతో నాలుగైదు టన్నుల ట్రాలీ, ఈ మొత్తాన్ని ఆ రెండు చక్రాలే ఆపాలి. లాగడం ఇంజను చూసుకుంటుంది. ఆపే సంగతి నువ్వు ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు దారి. పొద్దున్నే బయల్దేరు, చీకటి పడకముందే ఇంటికి చేరాలి. కుర్రాడు బైకు మీద వెనక రావాలి గానీ మడ్‌గార్డు మీదా, డ్రాబారు మీదా కూర్చోకూడదు. సాలూరు దాటిన కాసేపటికి ఒకసారి పక్కకు ఆపి దిగు. హబ్బుల మీద, అంటే చక్రాల నడిమి భాగం మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగు బిగుసుకుంటోంది, అక్కడే చూపించు. చక్రం నట్లు ఇంకోసారి బిగించు. ఈ పని పి.కోనవలస రాకముందే అయిపోవాలి, ఎందుకంటే అక్కడినుంచి ఎక్కుడు మొదలు. ఆ రోడ్డు నీకు తెలిసిందే, పాత 43వ నంబరు, ఇప్పుడు 26వ నంబరు జాతీయ రహదారి. వైజాగ్ వైపు నుంచి కొరాపుట్, జయపురం పోయే పెద్ద లారీలన్నీ దాని మీదే. వాటితో పోటీ పడకు. స్పీడు 20, 25 దాటనివ్వకు. వెనక బళ్లు జమ అయితే చోటు చూసుకుని పక్కకు ఆగి దారివ్వు.

ఎక్కుడు మొదలయ్యే ముందే తక్కువ గేరులోకి వచ్చెయ్యి. సగం ఎక్కాక గేరు మార్చబోతే, క్లచ్ తొక్కిన ఆ కాస్త సేపట్లో బండి వెనక్కి జారుతుంది. మలుపుల్లో ట్రాలీ నీ ట్రాక్టర్ చక్రాల జాడలో రాదు, లోపలివైపు కోసుకుంటూ వస్తుంది. అందుకని మలుపు వెడల్పుగా తీసుకో. ఎడమవైపు మలుపైతే ట్రాలీ చక్రం కాలువలోకి దిగుతుందేమో చూసుకో. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని రూలు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని మలుపులోకి దూరకు. హారన్ కొట్టి, ఎదురుగా ఎవరూ లేరని తేలాకే తిరుగు. మధ్యలో ఇంజను ఆగిపోతే బ్రేకు తొక్కిపట్టి లాకు వెయ్యి. కుర్రాడు పక్కనుంచి వచ్చి ట్రాలీ చక్రాల వెనక చెక్క దిమ్మలు పెడతాడు, వెనకనుంచి మాత్రం రాకూడదు. దిమ్మలు ఇంటినుంచే పట్టుకెళ్లు. రాళ్లు పెట్టి వదిలేసి వెళ్లిపోవడం మహాపాపం, రాత్రి ఏ బైకు కుర్రాడో వాటి మీద పడతాడు.

దిగుడు ఎక్కుడు కంటే ప్రమాదం. పొట్టంగి దాటాక కూడా ఎత్తుపల్లాలున్నాయి, రేపు సరుకుతో సాలూరు వెళ్లాలంటే ఇదే ఘాటీ దిగాలి. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. లోడుంటే ఇంకో గేరు తక్కువే మంచిది. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ వేస్తే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. క్లచ్ మీద కాలు కూడా పెట్టొద్దు. క్లచ్ తొక్కగానే ఇంజను పట్టు పోతుంది, బరువంతా నీ వీపు మీదికి వస్తుంది. బ్రేకు పట్టుకునే ఉండకుండా తొక్కుతూ వదులుతూ ఉండు, లేకపోతే వేడెక్కి పనిచెయ్యవు. ట్రాలీ పక్కకు తోస్తున్నట్టు అనిపిస్తే మనసు ఇంకా గట్టిగా తొక్కమంటుంది. అప్పుడు వదలాలి. చక్రాలు తిరగనిచ్చి, స్టీరింగు తిన్నగా పెట్టి, బండి తిన్నబడ్డాక మెల్లగా మళ్లీ తొక్కు. వానలో తడి రోడ్డు మీద ఇది మరీ ముఖ్యం.

రివర్స్ గురించి అందరూ టెన్షన్ పడతారు, నిజానికి అది సాధనతో వచ్చే విద్యే. కోతలైపోయిన పొలంలో రెండు డబ్బాలు గేటులా పెట్టుకుని, ఖాళీ ట్రాలీతో వెనక్కి వెళ్లడం నేర్చుకో. స్టీరింగు అడుగు భాగాన ఒక చెయ్యి పెట్టు. ట్రాలీ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరుపు. అంతే, తల తిరిగిపోయే లెక్కలేం అక్కర్లేదు. కొంచెమే తిప్పాలి, ట్రాలీ తిరగడం మొదలుపెట్టగానే స్టీరింగు తిరిగి తెచ్చుకోవాలి. ఎక్కువ మడత పడితే అక్కడే సరిచెయ్యాలని చూడకు, ముందుకు లాగి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టు. నలుగురు నవ్వినా సరే. డ్రాబారు ట్రాక్టర్ టైరుకు తగిలేదాకా మడిస్తే టైరు చిరుగుతుంది. వెనక చూసే మనిషి నీకు కనిపించేలా పక్కన నిలబడాలి, అతను కనిపించకపోతే వెంటనే ఆపెయ్యాలి. పిల్లలు చుట్టూ చేరితే బండి కదపొద్దు.

లోడు విషయంలో మీ తాతయ్య పద్ధతే పద్ధతి. ఎడ్లబండికి బస్తాలు వేశాక నొగ చేత్తో ఎత్తి చూసేవాడు, ముందు మొగ్గు ఎక్కువైతే ఎడ్ల మెడలు నలుగుతాయని, వెనక మొగ్గైతే కాడి పైకి లేచి పీకలు పట్టేస్తుందని. ట్రాలీ కూడా అంతే. వెనక బరువు ఎక్కువైతే హుక్కు పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది. ముందు ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. ఇరుసుకు అటూ ఇటూ సమంగా పేర్చి, కొంచెం ముందుకు మొగ్గేలా చూసుకో. బరువు కంటి అంచనాకు అందదు. ఇటుక ఒకటి మూడు కిలోలనుకున్నా వెయ్యి ఇటుకలు మూడు టన్నులు. నూరు ఘనపుటడుగుల ఇసుక నాలుగున్నర టన్నుల దాకా తూగుతుంది, తడిదైతే ఇంకా పైనే. ట్రాలీ నిండలేదు కదా అని వేస్తూ పోకు.

మనుషుల్ని మాత్రం ఎక్కించొద్దు. పెళ్లనీ, జాతరనీ అడుగుతారు, కాదంటే కోపాలొస్తాయి. రానీ. ఘాటీలో ట్రాలీ బోల్తాపడితే లోపలున్నవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా చేతులెత్తేస్తారు. నా మీద తోసెయ్యి, మామయ్య ఒప్పుకోడని చెప్పు.

వెనక తలుపుకు ఎర్ర రిఫ్లెక్టర్లు, మెరిసే టేపు ఇంటికొచ్చిన మర్నాడే అతికించు. చీకట్లో ఆగిన ట్రాలీని వెనకనుంచి వచ్చి గుద్దుకుని పోయినవాళ్లు ఎందరో. మొదటి కొన్నాళ్లు సగం లోడుతో, మన ఊరి చుట్టుపక్కలే తిప్పు. అది ఎలా ఆగుతుందో నీ కాలికి తెలిశాక సరుకుతో ఘాటీ దిగుదువుగాని.

పట్టుకెళ్లాల్సినవి: ట్రాలీ బరువు ఎత్తే జాకీ, చక్రం స్పానరు, రెండు చెక్క దిమ్మలు, కొత్త పిన్ను ఒకటి, లాకు పిన్నులు రెండు మూడు, గొలుసులు, టార్చి. ఘాటీలో మంచు పట్టిన రోజైతే బయల్దేరకు. ట్రాలీ ఇంకో రోజు సాలూరులోనే ఉంటే కొంపేం మునిగిపోదు. అమ్మేవాడు తొందరపెడితే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
నీ మేనమామ,
పొట్టంగి.