మెట్ల దారి ఫోన్‌లో చూపిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది భీమవరంలో మూడంతస్తుల హాస్టల్, రెండు మెట్ల దారులున్నాయి. అగ్నిప్రమాదంలో బయటపడే దారిని ఫోన్ కెమెరాలో బాణాలతో చూపే ఆగ్‌మెంటెడ్ రియాలిటీ పెట్టిద్దామనుకుంటున్నాం. పనికొస్తుందా?

జవాబు: శిక్షణకు బాగా పనికొస్తుందండీ. నిజంగా మంటలు లేచినప్పుడు మాత్రం దాన్ని నమ్ముకోకండి. గోడల మూలలు, తలుపు అంచులు కెమెరాకు కనిపిస్తేనే ఫోన్ తానెక్కడుందో లెక్కగడుతుంది. పొగ కమ్మినా, కరెంటు పోయినా ఆ లెక్క తప్పుతుంది.

అసలు చిక్కు అంతస్తులతోనే. మూడూ ఒకేలా ఉంటే రెండోదాన్ని మూడోదనుకుని బాణం గోడలోకి చూపిస్తుంది. అందుకే ప్రతి మలుపులో, మెట్ల మొదట్లో ఒక్కోచోట ఒక్కో క్యూఆర్ గుర్తు ఛాతీ ఎత్తులో పెట్టండి; దాన్ని చదివి ఫోన్ తానెక్కడుందో సరిచూసుకుంటుంది. యాప్‌లో గుర్తు వెడల్పు 20 సెంటీమీటర్లని ఇచ్చి ప్రింటు 18 వస్తే దూరాలన్నీ తేడా కొడతాయి. స్కేలు పెట్టి కొలవండి. మెరిసే లామినేషన్ వద్దు, ట్యూబ్‌లైటు వెలుగు పడి కెమెరా చదవదు. మన చెమ్మ గోడలకు కాగితం ఎక్కడాగుతుంది? సన్‌బోర్డు మీద వేయించి స్క్రూలు బిగించండి.

డ్రిల్లులో, అంటే బయటపడే సాధన చేయించేటప్పుడు, ముందు ఫోన్ లేకుండా నడిపించండి. తర్వాత ఒక మెట్ల దారిని ఫోన్ తెర మీద ఉత్తుత్తి పొగతో మూసి, రెండోది వెతుక్కోనివ్వండి. కంగారులో ఎవరైనా రోజూ వచ్చే దారికే పరిగెడతారు; ఆ అలవాటు మానాల్సింది ఇక్కడే. మెట్ల మీద బాణం ఆగిపోయి మాట మాత్రమే వినిపించాలి, లేదంటే ఫోన్ చూస్తూ జారిపడతారు.

మంటలకు దారి కిందికి, అదీ లిఫ్టు లేకుండా, వరదకు పైకి. రెండూ వేరువేరు డ్రిల్లులుగా చేయించండి. ఈ యాప్, బ్యాటరీతో వెలిగే ఎగ్జిట్ లైట్లు, ఈ రెండింటిలో డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు లైట్లు కొనండి.