గోడ పట్టుకోకుండా అమ్మ లేవాలంటే

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, బరువు 50 కిలోలు. సోంపేట దగ్గర పల్లె మాది. కుర్చీలోంచి లేవాలన్నా గోడ పట్టుకుంటోంది. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం అన్నం, చారు, అంతే. ప్రొటీన్ పొడి కొనమంటారా?

జవాబు: పొడి తొందర వద్దండి. ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. మీది ఉద్దానం, అక్కడ కిడ్నీ జబ్బు పైకి కనిపించకుండానే ముదురుతుంది. అది ఉంటే మాంసకృత్తుల మోతాదు డాక్టరే చెప్పాలి. లేకపోతే రోజుకు 50–60 గ్రాములు కావాలి. గుడ్డులో 6, వంద గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములుంటాయి. ఉలవలు ఉడికించి కట్టు మాత్రం చారుకు వాడి గింజలు పశువులకు వేస్తే, బలం చాలావరకు వాటికే పోతుంది. గింజలూ తిననివ్వండి.

తిండి ఒక్కటే చాలదు. కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 5 సార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు దాటితే కండ తగ్గిందని అనుమానించాలి. రోజు విడిచి రోజు 8 సార్ల చొప్పున రెండు విడతలు చేయించండి. పాదాలు ముందుకు చాస్తే లేవలేరు, కాస్త వెనక్కి పెట్టాలి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. తొడ కండకు మంచి పని అక్కడే. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. అసలు లేవలేకపోతే దుప్పటి మడతపెట్టి వేసి కుర్చీ ఎత్తు పెంచండి. హఠాత్తుగా ఒక పక్కే పట్టు తప్పితే మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.