వదలాలా, చంపాలా? గాలం పట్టిన అబ్బాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. బెంగళూరు పక్కన సర్జాపురం అవతల చెరువులో నీ గాలానికి పడినది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. మన మార్పు చేపకు దాయాది, మన నీళ్లకు మాత్రం పరాయిది. స్నేహితులు పట్టుబట్టి దాన్ని నీళ్లలో వదిలించారనీ, అప్పటి నుంచి నీకు మనసు కుదుటపడలేదనీ రాశావు. వదలడం తప్పా, చంపడం పాపమా అని అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అని నీకు రూఢిగా తెలిస్తే తిరిగి నీళ్లలో వేయకు. అక్కడికక్కడే, వీలైనంత తక్కువ బాధతో చంపు. ఏ కొంచెం అనుమానం ఉన్నా వదిలేయి.

నీ స్నేహితులను తప్పుపట్టడం లేదు. పట్టిన చేపను జాగ్రత్తగా తిరిగి నీటిలో వదలడం గొప్ప అలవాటు. కావేరి గట్టున భీమేశ్వరి, గాలిబోరె అనే చోట్ల గాలం వేసేవాళ్ల శిబిరాల్లో ఏళ్ల తరబడి మహసీర్ అనే పెద్ద నది చేపను పట్టినవాళ్లు తూకం చూసి, కొలత రాసుకుని, మళ్లీ ప్రవాహంలోకి వదిలేవారు. తగ్గిపోతున్న చేపను నిలుపుకోవడానికి పుట్టిన పద్ధతి అది. పెరిగిపోతూ తక్కినవాటిని మింగేస్తున్న చేపకూ అదే పద్ధతి పాటిస్తే, ఏ చేపల కోసం ఆ అలవాటు పుట్టిందో వాటికే చేటు.

అలాగని ఇతర చేపల్ని తినే ప్రతి చేపనూ శత్రువుగా చూడకు. ఈ పొరపాటు చాలామందిలో ఉంది, నాకు బాధ కలిగించేది కూడా ఇదే. కొరమీను ఏం తింటుంది? కప్పల్ని, చిన్న చేపల్ని. వాలుగ నోరు చూస్తేనే తెలుస్తుంది దాని తిండి ఏమిటో. అవి మన చెరువుల్లో ఎప్పటి నుంచో ఉన్నవి. వాటి నుంచి ఎలా తప్పించుకోవాలో మన పరిగెలకు, జెల్లలకు పుట్టుకతోనే తెలుసు. కొరమీనును తెలంగాణ తన రాష్ట్ర చేపగా గౌరవించుకుంది. ఆ కొరమీను కుటుంబానికే చెందిన ఒక చైనా చేప 2002లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో కనబడి అధికారుల్ని పరుగులు పెట్టించింది. సూపు కోసం న్యూయార్క్ నుంచి బతికున్న జతను తెప్పించుకున్న ఒకాయన, అవసరం తీరాక చెరువులో వదిలాడు. చివరికి నీటిలో మందు కలిపి ఆ చెరువులోని చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. అయినా 2004లో పోటోమాక్ నదిలో అదే జాతి దొరికింది. పట్టినవాళ్లు దాన్ని చంపాలని అక్కడి అధికారులు అడుగుతారు. గాలాన్ని భలే బలంగా లాగుతుందని ఇష్టపడి వదిలేసేవాళ్లూ తయారయ్యారు. నువ్వు రాసిన వాదన అక్కడా నడుస్తోంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లోనైతే తిలాపియాను పట్టి మళ్లీ నీళ్లలో వదలడం నేరమే. కాబట్టి చేప స్వభావాన్ని బట్టి తీర్పు చెప్పకు. అది ఉన్న నీళ్లు ఎవరివో చూడు.

ఇక ఈ ఆఫ్రికా చేప సంగతి. మొప్పల పైన దానికి గాలి పీల్చుకునే అదనపు అవయవం ఉంది. నీటిలో ప్రాణవాయువు లేకపోయినా పైకి వచ్చి ఒక గుటక గాలి తీసుకుని కిందికి పోతుంది. నేల తడిగా ఉంటే రొమ్ము రెక్కల ముళ్లను ఊతంగా చేసుకుని గట్టు మీద పాకుతూ పక్క గుంటకు చేరగలదు. నీళ్లు ఇంకితే బురదలో దాక్కుంటుంది. చేపలు, కప్పలు, నత్తలు, పురుగులు, కుళ్లిన మాంసం, ఏది దొరికితే అది తింటుంది. మీటరు దాటి పెరుగుతుంది. 2000లో కేంద్ర ప్రభుత్వం దీని పెంపకాన్ని నిషేధించింది. కోళ్ల వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు వేస్తే చాలు త్వరగా బరువెక్కుతుంది కనుక దొంగచాటుగా పెంచేవారు మాత్రం ఆగలేదు. పెద్ద వానకు ఆ గుంటల గట్లు తెగితే చేపలు పోయేది ఊరి చెరువులోకే కదా.

బెంగళూరు దీనికి ఎంత అనువైన చోటో నువ్వు గమనించాలి. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలాయి. మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు పడిపోయిన చోట బొచ్చె, రాగండి ఊపిరాడక చస్తాయి. గాలి పీల్చే క్యాట్‌ఫిష్ బతికిపోతుంది, చెరువంతా దానికే మిగులుతుంది. పైగా ఇక్కడి చెరువులు విడివిడిగా లేవు. పాత రోజుల్లో ఒకదాని అలుగు నీరు ఇంకొకదానికి చేరేలా రాజకాలువలతో కట్టారు. మడివాళ నీరు అగరకు, అక్కడి నుంచి బెళ్లందూరుకు, వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినికి పోతుంది. ఆ నది మన పెన్నకు తోబుట్టువు, రెండూ నంది కొండల్లోనే పుట్టాయి. నగరం పడమటి నీరు వృషభావతి, అర్కావతుల మీదుగా కావేరిలో కలుస్తుంది. నువ్వు ఒక చెరువులో వదిలిన చేప ఆ ఒక్క చెరువుకే పరిమితమవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

గుర్తుపట్టడం దగ్గర నిదానంగా ఉండు. ఇక్కడే అసలు ప్రమాదం. మన మార్పుకూ ఎనిమిది మీసాలే, ఆఫ్రికా దానికీ ఎనిమిదే. రెండింటికీ తల బల్లపరుపుగా, ఎముకలా గట్టిగా ఉంటుంది. వీపు రెక్క తల వెనక మొదలై దాదాపు తోక దాకా పోతుంది. మన మార్పు అడుగుకు మించి పెరగడం అరుదు. రెండడుగులు దాటి, ఒంటి మీద బూడిద, ఆకుపచ్చ కలిసిన మచ్చలతో, తెల్లటి పొట్టతో ఉంటే అనుమానం అక్కర్లేదు. అడుగు లోపు చేప దొరికితే మాత్రం అది మనదే కావచ్చని అనుకో. మన మార్పు అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో ఉంది. పరాయి చేప అనుకుని దాన్ని చంపితే, నువ్వు ఏ మేలు చేద్దామని బయల్దేరావో దానికి నువ్వే ఎదురు నిలిచినట్టు. వాలుగకు నాలుగే మీసాలు, వీపు రెక్క చాలా చిన్నది. అదీ తగ్గిపోతున్న చేపే, వదిలేయి. ఇంగిలాయికి కూడా ఎనిమిది మీసాలుంటాయి గానీ వీపు రెక్క పొట్టిగా ఉంటుంది. రెక్క ముల్లు గుచ్చుకుంటే విషం ఎక్కి నొప్పి భరించలేవు, చేత్తో పట్టుకోకు.

చంపడం గురించి మొహమాటం లేకుండా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఈ పని క్రూరంగా చేస్తారు. గట్టు మీద పడేసి వెళ్లిపోతే చచ్చిపోతుందిలే అనుకుంటారు. గాలి పీల్చే చేప అది, గంటల తరబడి చావదు. ఎండలో వేగుతూ ఉంటుంది, లేదా పాకుతూ మళ్లీ నీళ్లలోకి పోతుంది. ఐసు పెట్టెలో వేసినా నెమ్మదిగా నరకమే. పడగానే తడి గోనెతో పట్టుకో, రొమ్ము రెక్కల ముళ్లు చేతికి తగలకుండా చూసుకో. నెత్తి మీద, కళ్లకు కాస్త వెనక, బరువైన కర్రతో ఒక్క గట్టి దెబ్బ వెయ్యి. దాని తల ఎముక మందం, అర్ధబలంతో కొట్టకు. కదలిక ఆగాక వెంటనే తల వెనక కోసి వెన్నుపాము తెంపు. గాలం వేసే ముందే కర్ర, కత్తి పక్కన ఉండాలి. అవి లేని రోజు ఆ చెరువుకు పోకు. తిట్టడం, తన్నడం, నలుగురు చుట్టూ చేరి వీడియోలు తీయడం నాకు నచ్చవు. ఆ చేప తనంతట తాను సముద్రం దాటి రాలేదు.

చంపినదాన్ని తినాలా అంటే, చేప తినదగినదే. నగరం లోపలి చెరువుల్లో పట్టినదాన్ని మాత్రం ఇంటికి తేవద్దు. ఫ్యాక్టరీల నీరు కలిసిన చోట భారలోహాలు చేప ఒంట్లో పేరుకుంటాయి, ఉడికించినా పోవు. కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చేయి.

ఇప్పుడు నువ్వు అడగబోయే ప్రశ్న. ఒక్కటి చంపితే చెరువు బాగుపడుతుందా? బాగుపడదు. గాలంతో ఏ చెరువు నుంచీ ఈ జాతిని తుడిచిపెట్టలేం. పెద్ద చేప తన జాతి పిల్లల్ని కూడా తింటుంది కనుక, పెద్దవాటిని మాత్రమే తీసేస్తే కొన్నాళ్లు చిన్నవి ఎక్కువగా బతకవచ్చు కూడా. అయినా వదలవద్దనే నా మాట. ఒక ఆడ చేప ఒక కాన్పులో వేలకు వేలు గుడ్లు పెడుతుంది. దాన్ని చేతిలో పట్టుకుని, ఏమిటో తెలిసి, మళ్లీ ఆ నీళ్లకు అప్పగించడం నాకు సమ్మతం కాదు. ఇంకోటి, వదలడం అలవాటైతే ఆ చేప మీద మమకారం పెరుగుతుంది. పెద్ద చేప ఉన్న చెరువని పేరు వస్తుంది, ఆ పేరు కోసం ఇంకో చెరువులో రెండు పిల్లల్ని వేసేవాడు పుడతాడు. దానికే నేను భయపడతాను. చెరువును నిజంగా బాగుచేసేది మురుగును ఆపడం, పూడిక తీతకు నీళ్లు తోడినప్పుడు వలలతో వీటిని పూర్తిగా ఏరేయడం. ఇక్కడ చాలా చెరువుల్లో చేపల హక్కును వేలంలో గుత్తకు ఇస్తారు. గుత్తదారుతో, మత్స్యశాఖవారితో మాట్లాడు. ఎక్కడ ఎంత పెద్దవి పడ్డాయో చెప్పు. ఎలాగూ వారి అనుమతి లేకుండా గాలం వేయకూడదు.

ఆ మాటలు ఊరికే పోవు. కావేరిలో మూపురం ఉన్న మహసీర్ ఒకటుంది. టోర్ రెమాదేవి అనేది దాని శాస్త్రీయ నామమని 2018లో తేలింది, ఆ ఏడాదే తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించారు. అది తగ్గిపోతోందని లోకానికి తెలిసిందే గాలం వేసినవాళ్లు రాసిపెట్టుకున్న లెక్కల వల్ల. గాలిబోరెలో 1998 నుంచి 2012 వరకు నమోదైన వివరాలను శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, మూపురం మహసీర్ తగ్గుతున్న కొద్దీ నీలిరెక్కల మహసీర్ పెరిగినట్టు కనబడింది. ఆ నీలిరెక్కల చేప ఎక్కడిదనుకున్నావు? మన కృష్ణా పరివాహక ప్రాంతానిది. పుణె దగ్గరి ముళా ముఠా నది నుంచే 1839లో దాన్ని మొదట వర్ణించారు. లోనావాలాలో గుడ్లు పొదిగించే కేంద్రంలో పెంచిన పిల్లల్ని, మహసీర్‌ను కాపాడదామన్న సదుద్దేశంతోనే, ఎన్నో నదుల్లో వదిలారు. కృష్ణలో ఇంటిబిడ్డ అయిన చేప కావేరిలో పరాయిదైంది. మరి దాన్ని కూడా చంపాలా అని నువ్వు అడగవచ్చు. చంపమని చెప్పను. చిన్న వయసులో ఈ రెండింటినీ వేరుచేయడం అనుభవజ్ఞులకే కష్టం, పొరపాటున పోయే ఒక్క మూపురం మహసీర్ కూడా ఎక్కువే. అక్కడి నిర్ణయం నదిని చదివినవాళ్లకు వదిలేద్దాం. పైగా కావేరి అభయారణ్యం నీళ్లలో గాలానికి ఇప్పుడు అనుమతి లేదు. నువ్వు మాత్రం ఒక పుస్తకం పెట్టుకో. తేదీ, చెరువు, జాతి, పొడవు, ఏమీ పడని రోజు సంగతి కూడా రాయి.

బతికున్న చేపను ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, ఎరగా కూడా, తీసుకుపోవద్దు. బకెట్టు, వల వేరే చెరువుకు పట్టుకెళ్లే ముందు బాగా ఎండబెట్టు. గాలం వేసేవాడి చేతుల్లో పూర్తిగా ఉన్న పని ఇదొక్కటే, ఇందులో నీకు మినహాయింపు ఇవ్వను.

ఇక నీ గదిలోని అబ్బాయి గాజు తొట్టెలో పెంచుతున్న మొసలి మూతి చేప. నువ్వు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది ఎలిగేటర్ గార్. అమెరికాలో అది మనిషిని మించిన పొడవు పెరుగుతుంది. 2023లో భోపాల్ పెద్ద చెరువులోనూ, శ్రీనగర్ దాల్ సరస్సులోనూ ఒక్కొక్కటి దొరికాయి. తొట్టె చాలడం లేదు, అగర చెరువులో వదిలేద్దామనుకుంటున్నాడని రాశావు. వదలనివ్వకు. కొన్న దుకాణానికే తిరిగి ఇమ్మను. వారు తీసుకోకపోతే అంత పెద్ద తొట్టె ఉన్నవారెవరినైనా వెతకండి, డబ్బు అడగకుండా ఇచ్చేయండి. ఎవరూ దొరకకపోతే ఆదివారం నన్ను పిలవండి, నేనే వస్తాను. దాని గుడ్లు విషపూరితం, అందువల్ల కోసినా లోపలి భాగాలు కుక్కకు గానీ పిల్లికి గానీ వేయవద్దని ఇప్పుడే చెప్పి ఉంచు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న