భజనలంటే పడని అమ్మాయిని అనంతపురం పంపాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నేను పాతికేళ్లుగా సాయి భక్తురాలిని. మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. మార్కులు బాగానే వచ్చాయి కానీ ఫోన్ కింద పెట్టదు. ఎప్పుడు చూసినా వంటల వీడియోలే. గురువారం భజనకు రమ్మంటే గది తలుపేసుకుంటుంది. అనంతపురంలోని సత్యసాయి విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో చేర్పిస్తే దారిలో పడుతుందని నా ఆశ. ‘పంపితే పారిపోయి వచ్చేస్తా’ అంటోంది. మా ఆయనేమో ‘ఆ డిగ్రీ ఎవరిక్కావాలి’ అని కొట్టిపారేస్తున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి సందేహం తీర్చేద్దాం, అది చిన్నది. అనంతపురంలో మహిళా కళాశాల 1968లో మొదలైంది. 1981లో సంస్థకు డీమ్డ్ విశ్వవిద్యాలయం హోదా వచ్చింది. యూజీసీ గుర్తింపు ఉన్న డిగ్రీయే. పైచదువులకైనా, పోటీ పరీక్షలకైనా చెల్లుతుంది. పైగా ట్యూషన్ ఫీజు తీసుకోరు. పిల్లల చదువుకు అప్పులు చేసిన ఇళ్లు మీ వీధిలోనే ఉంటాయి, ఒకసారి ఆయన్నే అడిగి చూడమనండి.

అసలు చిక్కు మీ దగ్గరే ఉందమ్మా, ఏమీ అనుకోకండి. మీరు అమ్మాయికి చదువు వెతకడం లేదు, ఫోన్ రోగానికి మందు వెతుకుతున్నారు. అక్కడ హాస్టల్లో ఉండి చదవాలి. ప్రార్థనలు, భజనలు దినచర్యలో భాగం. చేతిలో ఫోన్ ఉండదు. ఇష్టపడి వెళ్లిన పిల్ల నెల తిరక్కుండా అలవాటు పడుతుంది. మీరు తోసేస్తే వెళ్లిన పిల్ల క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటూ కూర్చుంటుంది.

నా సంగతి చెబుతాను. హిందూ కుటుంబంలో పుట్టి, మిషనరీ కాలేజీ హాస్టల్లో చదివాను. పొద్దున చాపెల్‌లో కూర్చుని కెమిస్ట్రీ ఫార్ములాలు నెమరేసుకునేదాన్ని. ఆ ప్రార్థనలు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేవు. కానీ మా వార్డెన్ సిస్టర్ ప్రతి శనివారం మమ్మల్ని పక్క బస్తీకి తీసుకెళ్లేది. మొదట్లో తిట్టుకుంటూనే వెళ్లాను. అక్కడ ఒక ముసలావిడకు కొడుకు రాసిన ఉత్తరం చదివిపెట్టాను. ఆవిడ మళ్లీ చదవమంది, మళ్లీ చదివాను. నేను ఈ పనిలోకి రావడానికి ఆ శనివారాలే కారణమేమో అనిపిస్తుంది. పుట్టపర్తి చుట్టుపక్కల పల్లెల్లో కూడా ఆ విశ్వవిద్యాలయం విద్యార్థులు గ్రామసేవ పేరుతో ఇంటింటికీ వెళ్లి భోజనం, బట్టలు పంచుతారు. మార్కులు పడని పనికి కూడా టైమ్ కేటాయిస్తారు చూడండి, మతసంస్థల చదువులో నాకు నచ్చేది అదే.

ఇక నమ్మకం సంగతి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మైనరైతే ఆ సమ్మతి పెద్దవాళ్లు ఇవ్వాలి. అలాగని ఆ రూలు పట్టుకుని వార్డెన్‌తో రోజూ వాదిస్తూ మూడేళ్లు ఎవరుండగలరు? నమ్మకపోయినా నలుగురి మధ్య మర్యాదగా కూర్చోగలనా అన్నది అమ్మాయే తేల్చుకోవాలి. కూర్చోలేనంటే ఆ మాటను గౌరవించండి. కడపలోనో తిరుపతిలోనో డిగ్రీ చదివినంత మాత్రాన చెడిపోదు.

మీ ఉత్తరంలో మీరు తేలిగ్గా దాటేసిన మాట ఒకటుంది, వంటల వీడియోలు. ఏం చూస్తోందో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? బైపీసీ చదివిన పిల్లకు వంట మీద అంత ఆసక్తి ఉంటే ఆహార, పోషక శాస్త్రం చదవొచ్చు. అనంతపురం క్యాంపస్‌లో ఆ సబ్జెక్టులో ఎమ్మెస్సీ దాకా ఉంది. ఈ సంగతి భజన ప్రస్తావన లేకుండా చెప్పి చూడండి.

వింటే, ఒక రోజు ఇద్దరూ అనంతపురం బస్సెక్కండి. సీనియర్ అమ్మాయిలతో మాట్లాడే వీలు దొరికితే మీరు పక్కకు తప్పుకోండి. ప్రయాణంలో ఫోన్ మాత్రం లాక్కోకండి. వాళ్లను అడగాల్సినవి అందులోనే రాసుకుంటుందేమో.