సచ్ఛిద్రత అంటే మంచి రంధ్రమా?

సందేహం: లోహపు పొడిని లేజర్‌తో కరిగించి విడిభాగాలు చేసే త్రీడీ ప్రింటింగ్ మీద ఒక వ్యాసం చదివాను. అందులో 'సచ్ఛిద్రత దోషం' అని ఉంది. సచ్ఛీలం మంచి శీలమైతే సచ్ఛిద్రత మంచి రంధ్రం కావాలి కదా! మంచిదైతే దోషమెలా అవుతుంది? పోరాసిటీకి, అంటే లోహంలో చిన్నచిన్న ఖాళీలు ఉండడానికి, మరో మాట లేదా?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

సమాధానం: మీరు 'సత్' అనుకున్నారు. అక్కడున్నది ఒట్టి 'స'. స + ఛిద్రం, రంధ్రంతో కూడినది అని. హ్రస్వం తరవాత ఛకారం వస్తే మధ్యలో చకారం చేరుతుంది, స్వ + ఛందం స్వచ్ఛందం అయినట్టు. సత్ + శీలం సచ్ఛీలం కావడం వేరే సంధి. కాబట్టి మాట తప్పు కాదు. కానీ పని తెలిసిన మీకే తిరగబడి అర్థమైందంటే అది అక్కరకొచ్చే మాట కాదు.

పోనీ రంధ్రాలు అందామా? రంధ్రమైనా చిల్లైనా బెజ్జమైనా పైకి తెరుచుకున్నవే మనకు తోస్తాయి. చిల్లికుండ కారుతుంది, సూది బెజ్జంలో దారం దూరుతుంది. ఇక్కడి లోపం చాలావరకు లోపల దాక్కుంటుంది. పోత ఇనుమును లేత్ మీద ఎక్కించి పైపొర తీస్తుంటే పోతలో వాయువు చిక్కి మిగిలిన ఖాళీ, బ్లోహోల్, ఉన్నట్టుండి బయటపడుతుంది చూడండి, అలాంటిది. దానికి మనకున్న మాట గుల్ల. ఎముకలు గుల్లబారడం పత్రికల్లో రోజూ చూసేదే. జంతికలు గుల్లగా రావడం మాత్రం మెచ్చుకోలు. మీ 'మంచి రంధ్రం' అక్కడ దొరికింది!

అయితే ప్రింటు చేసిన భాగం 'గుల్లబారింది' అనకండి. గట్టిగా ఉన్నది పోనుపోను అలా మారితేనే గుల్లబారడం. ఇది పుట్టుకతోనే గుల్ల. ఆ గుల్లల్లోనూ తేడాలున్నాయి. లేజర్ శక్తి చాలకపోతే 20–60 మైక్రాన్ల పొరలు సరిగా కలవక వంకరటింకర ఖాళీలు మిగులుతాయి. అవి సందులు. శక్తి మితిమీరితే లోహం ఆవిరై సన్నటి లోతైన గుంట పడుతుంది, అది కూలినప్పుడు అడుగున గుండ్రటి బుడగ చిక్కుతుంది. ఇంగ్లీషువారు ఆ గుంటను తాళంచెవి కన్నంతో పోల్చారు. మనకు 'గుంటబుడగ' చాలు. సందుల మొనదేలిన అంచుల దగ్గర పగులు తేలిగ్గా మొదలవుతుంది కనుక సందును బుడగ అనడం చిన్న పొరపాటు కాదు. పొడి రేణువుల్లోనే ఇరుక్కున్న వాయువుతో వచ్చేవి ఇంకోరకం. వాటిని గాలిబుడగలు అనకండి, లోపలుండేది చాలాసార్లు ఆర్గాన్ అనే వాయువు.

సీటీ స్కాన్‌తో వీటిని వెతకడాన్ని ఏమనాలో మీరు అడగలేదు. రంధ్రాన్వేషణ అంటే భేషుగ్గా ఉండేది. పాపం, ఆ మాటను ఎదుటివాళ్ల తప్పులు ఏరడానికే వాడి పాడుచేశాం.