స్టెప్పు ఎవరు నేర్పారు?

చి. సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం అందింది. ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాదు కనక వీధి చివర జెరాక్సు షాపులో ప్రింటు తీయించుకున్నాను. పదకొండు పేజీలు. ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చుంటే మొదటి నాలుగు పేజీల్లోనే 'ఆ రోజులే వేరు' అన్న మాట ఆరుసార్లు తగిలింది. తెలుగు బాగా రాస్తావు. ఆ సంగతి మళ్లీ ఎత్తను.

ఏడో పేజీ లేకపోతే ఈ ఉత్తరం కూడా లేదు. 'చదివాను, బావుంది' అని ఒక ముక్క పడేసి ఊరుకునేవాణ్ణి. ఏడో పేజీలో ఏముంది? ఫిలడెల్ఫియాలో మీ ఇంట్లో నువ్వు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కుర్రాళ్లు పాటలకి డాన్సు చేసే పాత అమెరికా టీవీ షో 'అమెరికన్ బాండ్‌స్టాండ్' వీడియోలు చూస్తున్నావు. నీ పురిటికి సాయం వచ్చిన మీ అమ్మ గరిటెతో వంటింట్లోంచి వచ్చి నీ వెనక నిలబడింది. తెర మీద టైలు కట్టుకున్న అబ్బాయిలు, గౌన్లేసుకున్న అమ్మాయిలు ట్విస్టు ఆడుతున్నారు. 'ఇది మేం హాస్టల్లో చేశాం' అంది ఆవిడ. అనేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరవాతి వాక్యం నీది: 'ఎంత అమాయకమైన రోజులవి!'

నాకు ఒళ్లు మండింది తల్లీ. ఏ హాస్టలు? ఏ పాట? ఎవరు నేర్పారు? వార్డెను చూసిందా? ఇంట్లో తెలిసిందా? కన్నతల్లిని పొయ్యి దగ్గరికి పంపించేసి, నువ్వు పుట్టకముందు, మీ అమ్మ కూడా పుట్టకముందు ఎవరో తెల్లపిల్లలు ఆడిన ఆట మీద ఇంకో నాలుగు పేజీలు నిట్టూర్చావు. నీది అరువు బెంగ. బెంగ పడటం తప్పని నేననను, నాకూ ఉంది బోలెడు. కానీ దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకున్నావో చూసుకోవద్దూ?

డాన్సు గురించి రాసేవాళ్లు ముందు కాలి గురించి రాయాలి. ఇది నా మొండి పట్టుదల, నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను, వినేవాళ్లు తగ్గుతున్నారు. ఏ కాలు ముందు పడింది, బరువు ఎటు ఒరిగింది, కింద నేల ఎలాంటిది, చెప్పులున్నాయా లేవా. పదకొండు పేజీల్లో ట్విస్టు ఎలా ఆడతారో ఒక్కచోట చెప్పలేదు నువ్వు. ట్విస్టు పాటతో పేరొచ్చిన గాయకుడు చబ్బీ చెకర్ చెప్పిన పాఠం రెండే ముక్కలు: కింద పడిన సిగరెట్టు పీకను రెండు కాళ్లతో నలుపుతున్నట్టు, స్నానం చేసొచ్చి తువ్వాలుతో పిరుదులు తుడుచుకుంటున్నట్టు. అంతే. చదవగానే నా మోకాలు కదిలింది, డెబ్బై దాటిన మోకాలు.

ఆ చెకర్ మీ ఊళ్లో పెరిగినవాడే. అసలు పేరు ఎర్నెస్ట్ ఎవాన్స్. సౌత్ ఫిలడెల్ఫియాలో కోళ్ల దుకాణంలో పనిచేసిన నల్లపిల్లాడు. పాట అతనిది కాదు. హాంక్ బాలర్డ్ రాసి పాడితే 1959లో రికార్డుకి రెండో వైపున వచ్చింది. దాన్నే 1960లో చెకర్ చేత దాదాపు అదే బాణీలో పాడించారు. ఆ ఆగస్టులో, బాండ్‌స్టాండ్ నడిపే డిక్ క్లార్క్ టీవీ షోలో ఆడి చూపించాడు, సెప్టెంబరుకల్లా దేశంలో మొదటి స్థానం. పెద్దవాళ్లకి కూడా పిచ్చి పట్టాక 1962 జనవరిలో అదే పాట మళ్లీ మొదటి స్థానానికి ఎక్కింది. నీ వ్యాసంలో డిక్ క్లార్క్ చిరునవ్వు మీద ఒక పేరా ఉంది. బాలర్డ్ పేరు లేదు. 

అమాయకత్వం సంగతికొద్దాం. మార్కెట్ స్ట్రీట్, 46వ వీధి కలిసేచోట బాండ్‌స్టాండ్ స్టూడియో భవనం ఇప్పటికీ నిలబడి ఉంది. వెళ్లి చూడకుండానే రాశావని నీ వ్యాసమే చెబుతోంది. 1957 ఆగస్టు 5న అక్కణ్ణుంచి ఆ కార్యక్రమం దేశమంతటికీ ప్రసారం కావడం మొదలైంది. రోజూ మధ్యాహ్నం బడి వదిలే వేళకి పిల్లలు గుమ్మం ముందు వరస కట్టేవాళ్లు. ఆ చుట్టుపక్కల పేటల్లో నల్లవాళ్ల ఇళ్లు బోలెడు, లోపలికి వెళ్లగలిగిన నల్లపిల్లలు మాత్రం వేళ్ల మీద లెక్క. 'రావద్దు' అని బోర్డేమీ పెట్టలేదు. ముందుగా ఉత్తరం రాసి పాసు తెప్పించుకోవాలన్నారు, బట్టలు ఇలా ఉండాలన్నారు, గుమ్మం దగ్గర మనిషిని పెట్టారు. అడ్డుకోవడానికి అది చాలు, మనవాళ్లకి చెప్పాలా? ఆ అడ్డు తనే తీసేశానని డిక్ క్లార్క్ తరవాత్తరవాత చెప్పుకున్నాడు. మాథ్యూ డెల్మాంట్ అనే చరిత్రకారుడు తవ్వితీసిన కాగితాలు వేరే మాట చెబుతున్నాయి.

అయితే స్టెప్పులకి పాసు అక్కర్లేదు కదా. పక్కనే డెలవేర్ రాష్ట్రంలో, విల్మింగ్టన్లో, మిచ్ థామస్ అనే నల్ల అనౌన్సరు 1955 నుంచి టీవీలో నల్లపిల్లల డాన్సు షో నడిపాడు. బాండ్‌స్టాండ్ పిల్లలు ఇంట్లో అది చూసి స్ట్రోల్ లాంటి డాన్సులు పట్టుకొచ్చి తమ స్టూడియోలో ఆడారు. ఎక్కడ నేర్చుకున్నారో కెమెరా ముందు చెప్పకూడదట. ముసలివాళ్లయ్యాక వాళ్లలో కొందరు ఆ సంగతి ఒప్పుకున్నారు. 

నీకిది ఉపన్యాసంలా ఉంటుంది. ఉండనీ. నాకు ఈ రోగం ఎక్కడ పట్టుకుందో చెబుతాను.

1987. చిక్కడపల్లిలో ఒక ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఇంటివాళ్ల హాల్లో ఈసీ టీవీ, తలుపులున్న చెక్కపెట్టెలో. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి. వీధిలో సగం మంది హాల్లో చాప మీద, నేను కుర్చీలో, అద్దె కట్టేవాణ్ణి కనక. వెనక బస్తీ పిల్లలకి కిటికీ. ఊచలు పట్టుకుని ఒకరి భుజాల మీంచి ఒకరు చూసేవాళ్లు. గోల ఎక్కువైతే ఇంటావిడ లేచి కర్టెన్ లాగేసేది.

ఆ ఏడాదే చిరంజీవి 'పసివాడి ప్రాణం'. బ్రేక్ డాన్సు పాట. నీకు తెలీదు అప్పటి ఊపు. వేళ్లు కత్తిరించిన గ్లవ్సు, నుదుటికి రుమాలు, మోచేతి దగ్గర విరిగినట్టు వేలాడే చెయ్యి. కిటికీ దగ్గర మొదటి వరసలో సైకిల్ టాక్సీ షాపు కుర్రాడుండేవాడు, పదిహేడేళ్లుంటాయి. ఒక శుక్రవారం ఆ పాట వచ్చింది. బయట ఈలలు. ఇంటావిడ కర్టెన్ లాగేసింది. మర్నాడు పొద్దున సైకిల్‌కి గాలి కొట్టిస్తుంటే వాడు పంపు ఆపి అడిగాడు: "సార్, కర్టెన్ ఏసిన్రు గద, అటెన్క కాలు ఎటు వోయింది?"

నేను చెప్పలేకపోయాను. కుర్చీలో కూర్చుని మొత్తం చూశాను, కథలు రాసేవాణ్ణి, కాలు ఎటు పోయిందో చూడలేదు. హీరో మొహం చూశాను, బట్టలు చూశాను.

వాడు ఊరుకోలేదు. మిగతా సగం వాడే కట్టాడు. సైకిల్‌ని స్టాండు వేసి పెడల్ వెనక్కి తిప్పి చైను చూస్తుంటారే, ఆ తిప్పడాన్ని కాలిలోకి తెచ్చాడు. కుడికాలు వెనక్కి ఒక చుట్టు, ఎడమ మడమ మీద ఆగడం, షాపు ముందు గ్రీజు మరకల సిమెంటు మీద. రెండు వారాల్లో గల్లీ పిల్లలందరూ అదే ఆడుతున్నారు. వినాయక చవితి పందిట్లో ఇంటివాళ్లబ్బాయి కూడా అదే ఆడాడు, స్టీలు డబ్బా బహుమతిచ్చారు. సైకిల్ షాపు కుర్రాడు జనం వెనక నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆ కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయింది. కిటికీ లేదు, కర్టెన్ లేదు, వాడూ లేడు. ఇంటివాళ్లబ్బాయి ఉన్నాడు. 'తీపి గుర్తులు' అని పేరు మార్చి, ఒక అమ్మాయీ అబ్బాయీ చేతులు పట్టుకున్న బొమ్మ వేశారు. అరవై రూపాయల మనియార్డరు వచ్చింది. పోట్లాడానని చెబుతాననుకున్నావా? సంతకం పెట్టి పుచ్చుకున్నాను. ఆ సంపాదకుడు 'ఇలాంటివే ఇంకో ఎనిమిది పంపండి, పాఠకులు కళ్లొత్తుకుంటున్నారు' అని కార్డు రాస్తే అయిదు రాశాను కూడా. ఏ సంపుటిలోనూ చేర్చలేదు వాటిని. ఇప్పుడు ప్రతి పత్రికకీ, ప్రతి ఆదివారానికీ ఒక జ్ఞాపకాల పేజీ. లాంతరు, రేడియో, చిత్రలహరి, కన్నీటిచుక్క. ఆ మురబ్బా బజారుకి సరుకు మోసినవాళ్లలో నేనూ ఉన్నాను కనకే నీమీద ఇంత కోపం.

చాలా ఏళ్లకి తెలిసింది, ఆ బ్రేక్ డాన్సు తెర మీదికి రాకముందు ఎన్ని వీధులు తిరిగిందో. 1970లో షికాగోలో డాన్ కార్నీలియస్ 'సోల్ ట్రైన్' పెట్టాడు, మరుసటి ఏడాది దేశమంతా చూసింది. అందులో రెండు వరసల మధ్యనుంచి ఆడుకుంటూ వచ్చే పిల్లల్లో జెఫ్రీ డేనియల్ ఒకడు. వెనక్కి జారే నడక మైకేల్ జాక్సన్‌కి అతనిలాంటి పిల్లల దగ్గర అబ్బింది. 1983 మే 16న టీవీలో అది చూసి ప్రపంచం నోరు తెరిచింది. తరవాత క్యాసెట్ల మీద మనదాకా వచ్చింది. ఫుట్‌పాత్ మీద పుట్టి, స్టూడియోలన్నీ తిరిగి, చిక్కడపల్లిలో మళ్లీ సిమెంటు నేల మీదే దిగింది. మా సైకిల్ షాపు వాడికి డేనియల్ పేరు తెలీదు. తెలిసుంటే కర్టెన్ తరవాతి కాలు గురించి అతన్నే అడిగేవాడు.

నీ ప్రశ్నలు నాలుగు. 'నోస్టాల్జియా'కి తెలుగు మాటేమిటన్నావు: బెంగ చాలు. మిగతావి, పబ్లిషరు ఎవరు, ముందుమాట ఎవరు, ఏ పోటీకి పంపాలి, వాటికి నా దగ్గర జవాబుల్లేవు. ఓపికా లేదు.

మీ అమ్మ తిరుగు టికెట్టు ఎప్పటికి? ఈలోపు ఒకరోజు పిల్లాడు పడుకున్నాక ఆ వీడియో మళ్లీ పెట్టు. హాస్టల్లో నేల గచ్చా, నాపరాళ్లా అని అడుగు. టేప్‌రికార్డరు ఎవరిది, తలుపు గడియ ఎవరు పెట్టారు, మొదట ఎవరు ఆడి చూపించారు, ఆ అమ్మాయి ఇప్పుడెక్కడ? చీర కట్టుకుని ఆడారా, పరికిణీలా? 'ఇప్పుడెందుకే అవన్నీ' అంటుంది. అననీ. ఆవిడ చూపించడానికి లేచిందా, ఫోను తియ్యకు. మొహం కూడా తరవాత చూడొచ్చు, కింద చూడు.

ఆ ఒక్క సంగతీ మూడు పేజీల్లో రాసి పంపు. పోస్టులో పంపితే మరీ మంచిది, జెరాక్సు షాపువాడు పేజీకి అయిదు రూపాయలు గుంజుతున్నాడు. పసివాడికి దీవెనలు. ఆరోజు గరిటెతో వచ్చిందన్నావు కదా, లోపల తాలింపు మాడిందో లేదో కూడా కనుక్కో.

ఇట్లు,
మాస్టారు