పాఠకుల ప్రశ్నలు: చిన్న విమానం నడపడం నేర్చుకోవాలంటే

రెండు సంచికల క్రితం ఈ శీర్షికలో, నేను విజయనగరం నుంచి సెలవు రోజుల్లో వెళ్లి చిన్న విమానం నడపడం నేర్చుకున్న సంగతి ఒక జవాబు మధ్యలో ప్రస్తావించాను. దానిమీద మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను.

*ప్రశ్న: నాకు నలభై ఒక్క ఏళ్లు. జీడిపప్పు వ్యాపారం చేస్తాను. ఉద్యోగం కోసం కాదు, ఇష్టం కొద్దీ విమానం నడపడం నేర్చుకోవాలని ఉంది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లో అంటున్నారు. నాలాంటివాడికి సాధ్యమేనా? ఎలా మొదలుపెట్టాలి?*
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: సాధ్యమేనండీ, వయసు మీకు ఏమాత్రం అడ్డు కాదు. మన దేశంలో పదహారేళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకూ, పదిహేడేళ్లు నిండితే ప్రైవేటు పైలట్ లైసెన్సుకూ అర్హత వస్తుంది. చదువు పదో తరగతి ఉంటే చాలు. ఎయిర్‌లైన్సులో చేరాలనుకునేవారికి కావలసిన 200 గంటల అనుభవం, ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం, క్లాస్ 1 వైద్య పరీక్ష వంటివి మీకు అవసరం లేదు. ప్రైవేటు లైసెన్సుకు క్లాస్ 2 వైద్య పరీక్ష, కనీసం 40 గంటల ఎగురుడు, రాత పరీక్ష, రేడియోలో మాట్లాడేందుకు వేరే లైసెన్సు ఉండాలి. ఆ గంటలలోనే మీరు ఒక్కరే కనీసం 150 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 278 కిలోమీటర్ల దారి, మధ్యలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగి ఆగుతూ చుట్టి రావలసి ఉంటుంది. ఈ లైసెన్సుతో డబ్బు తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు.

ముందు డాక్టరు దగ్గరకు వెళ్లండి, తర్వాతే విమానం నేర్పే ఫ్లయింగ్ క్లబ్బుకు వెళ్లండి. ఫీజు కట్టేశాక రక్తపోటు సంగతో, రంగులు గుర్తించలేని సంగతో బయటపడి వెనుదిరిగినవారిని చూశాను. కళ్లజోడు ఉంటే బెంగపడనక్కరలేదు, జోడుతో చూపు సరిపోతే సరిపోతుంది. ఖర్చు లక్షల్లోనే ఉంటుంది. పైగా 40 అన్నది చట్టం చెప్పే కనీసం మాత్రమే కనుక, మనలాంటి తీరిక లేనివాళ్లకు ఇంకొన్ని గంటలు పడతాయని ముందే లెక్క వేసుకోండి. వారానికి ఒక్కరోజు వెళితే ప్రతిసారీ సగం పాఠం పాతదే అవుతుంది. వేసవిలో మీకు గింజల కొనుగోళ్లు జోరుగా ఉంటాయి, ఆ తర్వాత వానలు వస్తాయి. కాబట్టి తుఫానుల కాలం దాటాక, శీతకాలంలో ఒక నెలా రెండు నెలలు వరుసగా కేటాయించగలిగితే మంచిది.

విశాఖ విమానాశ్రయం ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ స్థావరంలో ఉంది కనుక అక్కడ క్లబ్బు విమానాల సందడి ఉండదు. మీరు ఎలాగూ వేరే ఊరికి ప్రయాణం కట్టవలసిందే. డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, గుర్తించిన శిక్షణ సంస్థల జాబితా చూసుకుని, వాటిలో రెండు మూడింటికి స్వయంగా వెళ్లండి. వెళ్లిన చోట విమానాలకు వేసిన రంగులు చూసి మురిసిపోకండి. ఒక ఉదయమంతా హ్యాంగరు, అంటే విమానాల షెడ్డు, పక్క బెంచీ మీద టీ తాగుతూ కూర్చుని, ఎగిరి దిగినవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. “ఈవేళ ఎత్తు చూసుకోకుండా తిప్పేశాను” అని ఎవరైనా నలుగురిలో చెప్పగలుగుతున్నారా, విన్నవాళ్లు ఎగతాళి చేయకుండా “ఎక్కడ, ఎలా జరిగింది?” అని అడుగుతున్నారా గమనించండి. అలాంటి చోట చేరండి. ఈ మాట మీద నాకెందుకింత పట్టుదలో మూడో జవాబులో చెప్పాను.

*ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసి, విమానం నేర్చుకుంటానని పట్టుబట్టింది. చేర్పిద్దామనే ఉంది గానీ, మూడు వేల అడుగుల ఎత్తున ఇంజను ఆగిపోతే ఒంటరి ఆడపిల్ల ఏం చేస్తుందని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.*
— ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నే శిక్షణలో రోజూ అడుగుతారు. ఏ హెచ్చరికా లేకుండా శిక్షకుడు ఇంజను శక్తిని నియంత్రించే థ్రాటిల్‌ను వెనక్కి లాగేసి, “ఇంజను పోయింది, ఇప్పుడేం చేస్తావు?” అంటాడు. ఇంజను ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడిపోదు. రెండు సీట్ల సెస్నా 152 వంటి విమానం, అరవై నాట్ల వేగం, అంటే గంటకు దాదాపు 111 కిలోమీటర్లు, నిలుపుకుంటే, గాలి లేని రోజున మూడు వేల అడుగుల నుంచి సుమారు ఎనిమిది కిలోమీటర్లు జారుతూ వెళుతుంది. అంటే మీ అమ్మాయి చేతిలో నాలుగు నిమిషాలకు పైగా సమయం ఉంటుంది. ఆ నాలుగు నిమిషాల్లో గాలి వాటం చూసి, పొలం ఎంచుకుని, ఇంజను తిరిగి అందుకుంటుందేమో ప్రయత్నించి, రేడియోలో చెప్పాలి. ఇవన్నీ ఒక వరుసలో, నిద్రలో లేపి అడిగినా చెప్పేటంతగా నేర్పుతారు.

దీనివల్ల నాకు పొలాలను చూసే కన్నే మారిపోయింది. సంక్రాంతి నాటికి వరి కోసి, కుప్పలు ఎత్తేసిన మడి పైనుంచి ఎంత బాగుంటుందో, శ్రావణంలో నీళ్లు నిలిచిన అదే మడి అంత ప్రమాదం. గట్టుకు అడ్డంగా దిగకూడదు, గట్టు వెంబడే దిగాలి. ఉద్దానంలోనైతే కొబ్బరి, జీడి తోటల మధ్య ఖాళీ దొరకడం కష్టం కనుక అటు వెళ్లేవాడు ముందే ఎత్తు పెంచుకోవాలి. ఎగిరే ప్రతి నిమిషం “ఇప్పుడు ఆగితే ఎక్కడ దిగుతాను?” అన్న ప్రశ్న మనసులో నడుస్తూనే ఉంటుంది.

ఒంటరిగా అన్నారు. మొదటిసారి ఒక్కతినే పంపడం శిక్షకుడు పూర్తిగా తృప్తి పడ్డాకే జరుగుతుంది. అది కూడా విమానాశ్రయం చుట్టూ ఒకే ఒక్క చుట్టు, కొన్ని నిమిషాల పని. పక్క సీటు ఖాళీ అయ్యేసరికి బరువు తగ్గి విమానం చురుగ్గా పైకి లేస్తుంది, ఆ తేడాకు అందరూ ఆశ్చర్యపోతారు. దిగి వచ్చాక తోటివాళ్లు బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తారు కాబట్టి ఆ రోజుకు ఒక జత బట్టలు ఎక్కువ పెట్టి పంపండి. 1936లో సరళా ఠక్రాల్ లాహోరులో చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానాన్ని ఒంటరిగా నడిపి, లైసెన్సు పొందిన తొలితరం భారతీయ మహిళల్లో ఒకరయ్యారు. అప్పటికి ఆమె ఒక బిడ్డకు తల్లి కూడా.

*ప్రశ్న: ప్రైవేటు ఉద్యోగం చేస్తూ, సెలవుల్లో వెళ్లి ఇప్పటికి 18 గంటలు ఎగిరాను. నాతో చేరిన ఇద్దరూ సోలో (ఒంటరిగా ఎగరడం) చేసేశారు. నాకు మాత్రం ల్యాండింగ్ కుదరడం లేదు. చక్రాలు నేలను తాకి, విమానం మళ్లీ ఎగిరి పడుతోంది. సిగ్గేసి ఎవరితోనూ మాట్లాడలేక భోజనాల దగ్గర కూడా విడిగా కూర్చుంటున్నాను. మానేయడమే మంచిదా?*
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మానేయకండి. ముందు ల్యాండింగ్ సంగతి చూద్దాం, తర్వాత విడిగా కూర్చోవడం సంగతి మాట్లాడతాను, ఎందుకంటే నా దృష్టిలో రెండోదే పెద్ద ఇబ్బంది.

విమానం ఎగిరి పడడానికి చాలాసార్లు రెండే కారణాలు ఉంటాయి: వేగం, చూపు. చివరి దశలో అరవై నాట్లు ఉండవలసిన చోట భయం కొద్దీ అరవై ఆరు ఉంచుకున్నారనుకోండి. ఆరే కదా అనిపిస్తుంది గానీ, శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక మీరు ఐదో వంతుకు పైగా అదనపు శక్తిని రన్‌వే మీదకు మోసుకొస్తున్నారు. నేలకు రెక్కల పొడవంత ఎత్తులోకి, అంటే సెస్నా 152కి పది మీటర్ల లోపుకి వచ్చేసరికి గాలి నిరోధం తగ్గుతుంది. దిగవలసిన విమానం తేలుతూ పోతుంది. మీకు కంగారు పుట్టి ముక్కును కిందికి నొక్కుతారు, ముందు చక్రం తగులుతుంది, విమానం ఎగిరి పడుతుంది. ఇక చూపు. ముక్కుకు ఎదురుగా ఉన్న నేలను చూస్తే అది మీదికి దూసుకొస్తున్నట్టుండి ముక్కు ఎత్తాలని కంట్రోలును ముందే వెనక్కి లాగేస్తారు. నేల దగ్గర విమానం ముక్కు ఎత్తే సమయానికి మీ కళ్లు రన్‌వే చివర ఉండాలి. కళింగపట్నంలో తెప్పను ఒడ్డుకు తెచ్చే జాలరి కాళ్ల దగ్గరి నురగను చూడడు, దూరంగా లేస్తున్న అలను చూస్తాడు. మీరు అలా చూడగలిగిన రోజున చేతులు వాటంతటవే సర్దుకుంటాయి. ఎగిరి పడినప్పుడు దాన్ని నేలకు బలవంతంగా దించాలని చూడకండి. పూర్తి శక్తి ఇచ్చి మళ్లీ పైకి వెళ్లిపోండి. గో అరౌండ్ చేసినవాడిని ఏ మంచి శిక్షకుడూ తప్పు పట్టడు. ఎండ ఎక్కాక నేల మీది వేడిగాలి విమానాన్ని కుదుపుతుంది కనుక, కొన్నాళ్లు తెల్లవారు పూటలే అడిగి తీసుకోండి. 18 గంటలకు సోలో కాకపోవడం వింతేమీ కాదు, సెలవు సెలవుకూ మధ్య ఎడం ఉన్నవాళ్లకు అలాగే అవుతుంది.

ఇప్పుడు రెండో సంగతి. నేను నేర్చుకునే రోజుల్లో, రాత్రంతా వాన పడిన ఒక తెల్లవారుజామున విమానాన్ని తనిఖీ చేస్తున్నాను. రెక్క అడుగున ఉన్న చిన్న కవాటాన్ని నొక్కి, పారదర్శకమైన గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి, అందులో నీళ్లు చేరాయేమో చూడడం రివాజు. నీళ్లు బరువు కనుక అడుగుకు చేరతాయి, పైన ఇంధనం తేలుతుంది, రెంటికీ మధ్య సన్నని గీత కనిపిస్తుంది. నాకు గీత కనిపించలేదు. అంతా ఒకే తీరున తేటగా ఉంది. శుభ్రంగా ఉందనుకుని గొట్టం ఖాళీ చేయబోతుంటే, పక్క విమానం దగ్గరున్న ఒక కుర్రవాడు, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, వచ్చి గొట్టాన్ని తూర్పు వెలుగుకు ఎత్తి పట్టి, “సార్, నీలం ఏదండీ?” అన్నాడు. మా విమానాలకు వాడే ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ అనే ఇంధనం లేత నీలం రంగులో ఉంటుంది. నా గొట్టంలో నీలం లేదు. అందులో ఉన్నదంతా నీళ్లే. ట్యాంకు మూత కింది రబ్బరు పాతబడి వాన నీరు దిగింది. ఇద్దరం కలిసి నీలం తేలేవరకు పట్టి పారబోశాం. శిక్షకుడు వచ్చి చూసి, ఆ పూటకు ఆ విమానాన్ని పక్కన పెట్టించారు.

ఆ ఉదయం టీ దగ్గర నాకు రెండు దారులు ఉన్నాయి. మాట్లాడకుండా కూర్చోవచ్చు, లేదా చెప్పవచ్చు. ముఖం ఎర్రబడుతుండగా చెప్పాను. గీత కోసం వెతికాను గానీ రంగు కోసం వెతకలేదని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. 150 గంటలు ఎగిరిన ఒకావిడ, తానూ మసక వెలుతురులో రంగు సరిగా చూడనని ఒప్పుకుంది. మర్నాటి నుంచి అందరూ గొట్టాన్ని తెల్లకాగితం ముందు పట్టి చూడడం మొదలుపెట్టారు. నేను నోరు విప్పకపోతే ఆ కాగితం వచ్చేది కాదు. సరదాకు విమానం నడిపేవాళ్ల మధ్య ఉండే స్నేహాన్ని నేను ఇలాగే అర్థం చేసుకున్నాను. కలిసి భోంచేయడం, ఫొటోలు దిగడం కూడా దానిలో భాగమే, కానీ దాని ప్రాణం ఒకరి పొరపాటు మరొకరికి చేరడంలో ఉంది. పెద్ద ఎయిర్‌లైన్సు పైలట్‌కు పక్క సీటులో తోడు ఉంటాడు, కిందనుంచి చూసే వ్యవస్థ ఉంటుంది. మనకు ఆ తోడు బెంచీ మీద కూర్చున్నవాళ్లే.

ఇది ఈనాటి సంగతి కాదు. ఇంగ్లండుకూ భారతదేశానికీ మధ్య ఒంటరిగా ఎగిరి వచ్చే మొదటి భారతీయుడికి ఆగాఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. 1929 ఫిబ్రవరి 10న మన దేశంలో మొదటి నంబరు పైలట్ లైసెన్సు అందుకున్న జేఆర్‌డీ టాటా, ఆ బహుమతి కోసం 1930లో కరాచీ నుంచి బయలుదేరారు. పదిహేడేళ్ల ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు వైపు నుంచి వస్తున్నాడు. దారిలో ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిశారు. స్పార్క్ ప్లగ్గులు లేక ఆస్పీ అక్కడ చిక్కుబడి ఉన్నాడు. టాటా తన దగ్గరున్న అదనపు ప్లగ్గులు అతనికి ఇచ్చి తన దారిన వెళ్లారు. పందెం ఆస్పీ గెలిచాడు. ఆ కుర్రవాడే తరువాత భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు. టాటా ఇవ్వగలగడానికి ముందు, “నా దగ్గర ప్లగ్గులు లేవు” అని ఆస్పీ పోటీదారుడికి చెప్పుకోవలసి వచ్చింది. పందెంలో ఉన్నవాడు చెప్పుకోగలిగినప్పుడు, మీతో ఏ పందెమూ లేని ఇద్దరు మిత్రులకు మీరు చెప్పుకోలేరా? సోలో చేసిన ఆ ఇద్దరినీ ఈసారి రన్‌వే పక్కన నిలబడి మీ ల్యాండింగులు చూడమనండి. విమానం ఎక్కడ తేలుతోందో, ముక్కు ఎప్పుడు వంగుతోందో బయటినుంచి ఇట్టే తెలుస్తుంది. వాళ్లు చూసినది మీ శిక్షకుడి ముందే చెప్పించుకోండి. భోజనం కూడా వాళ్ల పక్కనే చేయండి.

*ప్రశ్న: భోగాపురం విమానాశ్రయం వల్ల మనవాళ్లు అక్కడే చిన్న విమానాలు నేర్చుకోవచ్చా?*
— ఒక విద్యార్థి, రాజాం

జవాబు: అల్లూరి సీతారామరాజు పేరిట 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం అంతర్జాతీయ విమానాశ్రయం పెద్ద జెట్ విమానాల కోసం ఉద్దేశించినది. అరవై నాట్లతో వచ్చే రెండు సీట్ల విమానం, రెట్టింపు వేగంతో వెనుక వచ్చే జెట్టుకు దారి ఇస్తూ, గంటకు పదిసార్లు దిగి లేవడం అలాంటి రన్‌వే మీద ఎవరికీ సుఖం కాదు. నేర్చుకునేవాడికి కావలసింది ఒక కిలోమీటరు చదునైన నేల, గాలి వాటం చూపే గుడ్డ గొట్టం, నాలుగు విమానాలు పట్టే షెడ్డు, దాని పక్కన ఒక బెంచీ. విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు 2014 నుంచి 2018 వరకు కేంద్ర పౌర విమానయాన మంత్రిగా పనిచేశారు. 2024 జూన్‌లో అదే శాఖను శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు చేపట్టారు. అలాంటి చిన్న మైదానం ఒకటి మన రెండు జిల్లాల్లో ఎక్కడైనా కావాలని మీ కాలేజీ నుంచి ఒక వినతిపత్రం రాసి పంపండి. దాని నకలు ఒకటి నాకూ పంపితే నేనూ సంతకం చేస్తాను.